మూగపోయిన పాఠాల పేజీ

సీతాఫల్‌మండిలో రైలు పట్టాలకు రెండు వీధుల ఇవతల ఒక మూడంతస్తుల ఇల్లు ఉంది. పొద్దున పదకొండు దాటాక ఆ ఇంటి మెట్ల మీద సోమయ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడంటే, నడిమి అంతస్తులో ఆయన భార్య జగదాంబ పాఠం చదువుతున్నదని గల్లీ అంతటికీ తెలుసు. ఉల్లిగడ్డల ఆటో మైకు పెట్టుకుని వస్తే సోమయ్య చెయ్యెత్తుతాడు. ఆటో మూల తిరిగేదాకా మైకు నోరు మూసుకుంటుంది. పై అంతస్తు వాళ్ళు మిక్సీ వేసేముందు ఒకసారి కిందికి తొంగి చూస్తారు. రైళ్ళను మాత్రం ఆయన ఆపలేడు. కానీ ముప్పై ఏళ్ళు రైల్వే బుకింగ్ కౌంటర్లో కూర్చున్న మనిషి గనుక ఏ బండి ఏ నిమిషానికి పోతుందో ఆయనకు నోటికి తెలుసు. తలుపు సందులోంచి "జెర ఆగు, లోకల్ ఉన్నది" అంటాడు. లోపల జగదాంబ వాక్యం మధ్యలో ఆగి, ఒక గుక్క మంచినీళ్ళు తాగి, బండి పోయాక మళ్ళీ అందుకుంటుంది.

ఆమె చదివేది చూపు లేని పిల్లల కోసం. రెండు బీరువాల నడుమ బొంతలు వేలాడగట్టి, ఆ సందులో స్టూలు వేసుకుని, లెక్కలు తప్ప పదో తరగతి పుస్తకాలన్నీ పాఠం తర్వాత పాఠంగా ఫోన్లోకి చదివి పెట్టింది. ఆ చదివినవన్నీ ఒక వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఎవరైనా, ఎక్కడి నుంచైనా, ఏమీ కట్టకుండా వినవచ్చు.

ఈ పని ఆమె ఏరికోరి మొదలుపెట్టింది కాదు. ఉద్యోగం నుంచి దిగిపోయిన ఏడాది, ఒక సాయంత్రం స్టేషన్‌లో లోకల్ బండి కోసం ఎదురుచూస్తుంటే పక్కనే నిలబడ్డ ఒక చూపు లేని పిల్ల, సంచిలోంచి పుస్తకం తీసి, మూడో పాఠం జెర చదివి వినిపిస్తారా అని అడిగింది. బండి నలభై నిమిషాలు లేటు. జగదాంబ పాఠమంతా చదివింది. ఆ పిల్ల ఒక్కసారి కూడా మధ్యలో కదలలేదు. బండెక్కేముందు, మీ గొంతు బాగా తేటగా ఉన్నదమ్మా అని మాత్రం చెప్పి పోయింది. ఆ పిల్ల మళ్ళీ ఎప్పుడూ కనబడలేదు. జగదాంబ మాత్రం ఆ వారమే పుస్తకాలు కొన్నది.

గొంతు తేటగా ఉండడం ఆమెకు ఉద్యోగం నేర్పిన విద్య. ముప్పై నాలుగేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో, చెడిపోయిన ఫోన్ల మొరలు వినే టెస్ట్ డెస్కు మీద పనిచేసింది. జనం ఒకటి తొమ్మిది ఎనిమిది తిప్పి మొత్తుకుంటే, హెడ్‌సెట్ పెట్టుకుని "టెస్ట్ డెస్క్ నాలుగు" అని పలికేది. పేరు చెప్పే ఆచారం లేదు. కోపంతో ఉన్నవాళ్ళకు పేరు చెబితే రేపు ఇంటికొస్తారని పెద్దవాళ్ళు భయపెట్టేవారు. డెస్కు నంబరే ఆమె పేరు.

అక్కడ ఆర్థర్ అని ఒక సూపర్‌వైజర్ ఉండేవాడు. మెట్టుగూడ మనిషి. ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడేవాడు గానీ డెస్కుల మధ్య ఎన్నడూ గొంతు పెంచలేదు. లైను చెడిపోతే ముందు నడిమికి తెంపి చూడమనేవాడు. చెడు ఎక్స్ఛేంజి వైపు ఉన్నదా, వీధి వైపు ఉన్నదా తేలితే సగం పని అయిపోయినట్టే. ఒకసారికి ఒక్కటే ముట్టాలి, ముట్టినదల్లా రాసిపెట్టాలి. అన్నిటికన్నా ఆయన గట్టిగా పట్టుకున్న మాట ఇంకొకటి ఉంది. దానంతటది పోయిన చెడు దానంతటదే తిరిగొస్తుంది గనుక, ఎందుకు పోయిందో తెలియకుండా ఫిర్యాదు కాగితం మూయకూడదు. ఆర్థర్ పోయి పదేళ్ళయింది. జగదాంబ బల్ల సొరుగులో ఇప్పటికీ గీతల నోటుబుక్కు ఒకటుంది. సైటులో ఏది మార్చినా తేదీ, వేళ, మార్చినది, తర్వాత ఎట్లా ఉన్నది, అన్నీ అందులో పడతాయి.

సైటు కట్టి ఇచ్చింది విజయేందర్. పై అంతస్తులో ఆరేళ్ళు అద్దెకున్నాడు. జగదాంబను పెద్దమ్మా అంటాడు. పెళ్ళయి, సొంత ఫ్లాటు తీసుకుని యాప్రాల్ వెళ్ళిపోయినా నెలకొకసారి వచ్చి చూసేవాడు. మెల్లమెల్లగా ఆమెకే అన్నీ నేర్పాడు. కొత్త పాఠం ఎట్లా ఎక్కించాలి, జాబితాలో ఎట్లా చేర్చాలి, ఏ ఫైలు ముట్టవచ్చు, ఏది ముట్టకూడదు. పేజీలన్నిటికీ పైభాగం ఒకటే ఫైలు, దానికి 'తల' అని పేరు పెట్టాడు. సైటు బతికుందో లేదో చూసుకోవడానికి, తల లేని ఇంకొక చిన్న పేజీ విడిగా చేసి ఉంచాడు. అందులో 'లైను బాగుంది' అన్న రెండు మాటలు తప్ప ఏమీ లేవు.

ఇప్పుడు చెప్పబోయేది ఈ ఏడు ఏప్రిల్‌లో జరిగింది. ఓపెన్ స్కూల్ పరీక్షలకు వారం కూడా లేదు. ఆ రోజుల్లో సైటుకు రోజుకు నాలుగు వందల మంది దాకా వచ్చేవారు.

వాళ్ళలో ఒకామె నాంచారమ్మ. బోయిన్‌పల్లిలో ఉంటుంది. నలభై రెండేళ్ళు. పుట్టుకతోనే చూపు లేదు. కుర్చీలకు నవారు, వైరు అల్లుతుంది. అల్లుతూ అల్లుతూ, తెర మీది అక్షరాలు చదివి వినిపించే మాట్లాడే ఫోనులో పాఠాలు వింటూ పదో తరగతి కడుతున్నది. తప్పులుంటే చెప్పమని సైటులో ఒక ఫోన్ నంబరు ఉంటుంది. ఆ నంబరుకు ఫోన్ చేసి మొదటిసారి తప్పు పట్టింది ఈమెనే. జీవశాస్త్రంలో ఒక పేరా రెండుసార్లు చదివారని చెప్పింది. సైటులో పేరు లేదు కాబట్టి అందరిలాగే ఆమె కూడా జగదాంబను 'పాఠాలమ్మా' అని పిలిచేది.

శుక్రవారం నాంచారమ్మ ఫోన్ చేసి పాఠం సంగతి కాక వేరే సంగతి చెప్పింది. తమ బస్తీలో ఆడవాళ్ళ మీటింగ్ అయిందట. ఈ వయసులో నీకు చదువు ఎవరు చెబుతున్నారని అడిగితే, పాఠాలమ్మ అన్నదట.

"నాకు చదువు చెప్పినామె పేరు నాకే తెల్వదా అని నవ్విన్రమ్మా నలుగురు. నవ్వితె నవ్వనీ. గని నాకు సుత అనిపించింది. పేరు లేకుండ ఎట్లుంటదమ్మా మనిషి?"

జగదాంబ నవ్వేసి మాట మార్చబోయింది. నాంచారమ్మ వదల్లేదు. చివరికి, సరే, పేజీ పైన పేరు పెడతానని ఒప్పుకున్నది.

శనివారం పొద్దున ఆమెకు వేరే పని ఉంది. సైటుకు చోటిచ్చే కంపెనీ వాళ్ళు, లోపల నడిచే పాత సాఫ్ట్‌వేర్ ఇక పనికిరాదు, కొత్తదానికి మారండి అని మెయిలు పంపారు. ఒక మీట నొక్కితే అయిపోతుంది. ఆమె నొక్కింది. నాలుగు పేజీలు తెరిచి చూసింది. పాఠాలు మోగాయి. నోటుబుక్కులో రాసింది: 'శనివారం, 10.20, కొత్త వెర్షన్, బాగుంది.'

పేరు పని మధ్యాహ్నం మూడింటికి పెట్టుకున్నది. పేజీ పైన ఏదైనా మాట పెట్టాలంటే ఎట్లా రాయాలో విజయేందర్ ఎప్పుడో ఒక లైను వాట్సాప్‌లో పంపాడు. ఆ లైనును అట్లాగే తెచ్చి తల ఫైలులో పెట్టి, అతను రాసిన మాటల చోట 'చదివినది: జగదాంబ' అని రాసింది. రాసి, ఎవరో చూస్తున్నట్టు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నది. సేవ్ నొక్కిన క్షణాన గాలిదుమారం వచ్చి కరెంటు పోయింది. నెట్ పెట్టె దీపాలు ఆరిపోయాయి. పోనీలే, ఎక్కలేదు, ఒకందుకు మంచిదే అనుకుంటూ ఆరేసిన బట్టలు తేవడానికి మేడ మీదికి పరుగెత్తింది. ఎక్కనిదాన్ని నోటుబుక్కులో రాయలేదు. ఎక్కినా రాసేది కాదేమో. సొంత పేరు గోడకెక్కించుకున్నట్టు ఆమెకు సిగ్గుగానే ఉంది.

ఆదివారం మేడ్చల్‌లో చుట్టాల పెళ్ళికి పోయివచ్చారు. సోమవారం పొద్దున చాయ్ చల్లారకముందే ఫోన్ మోగింది. నాంచారమ్మ.

"మొన్నటి సంది పేజీ తెరుస్తున్నమ్మా, ఫోను ఏం చెప్తలేదు. నా ఫోను ఖరాబయిందనుకుని పక్కింటోళ్ళ ఫోన్ల సుత చూపిచ్చిన. తెల్లగ ఉన్నదట, ఒక్క అక్షరం లేదట."

జగదాంబ కంప్యూటర్ తెరిచింది. నిజమే. ఉతికి ఆరేసిన పంచెలా తెల్లటి పేజీ. మరో పేజీ తెరిచింది. అదీ అంతే. పది దాటేసరికి ఇంకో ఏడు ఫోన్లు వచ్చాయి. నిర్మల్ నుంచి ఒక అబ్బాయి తండ్రి, గురువారం సైన్సు పరీక్షని, ఇంకా నాలుగు పాఠాలు వినవలసి ఉందని చెప్పాడు. తెలిసిన నంబర్లు పదకొండు. వాళ్ళకు కావలసిన పాఠాలు అప్పటికప్పుడు వాట్సాప్‌లో పంపింది. మిగతా వందల మంది ఎవరో, ఎక్కడున్నారో ఆమెకు తెలియదు. వాళ్ళు పేజీ తెరుస్తూనే ఉంటారు, వాళ్ళ ఫోన్లు ఏమీ పలకకుండానే ఉంటాయి. 

విజయేందర్‌కు ఫోన్ చెయ్యి అన్నాడు సోమయ్య. చెయ్యనన్నది. విజయేందర్ భార్య రజిత కాన్పై ఇంకా తొమ్మిది రోజులే. బిడ్డకు పసిరికలు వచ్చి, ఒళ్ళు పచ్చబడి, ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నారు.

"ఆ పిల్లగాడు నిద్రపోయి ఎన్ని దినాలైందో. నేను ఖరాబు చేసిన, నేనే చూసుకుంట," అన్నది.

నోటుబుక్కు తీసింది. ఆఖరున ఉన్నది కొత్త వెర్షన్ ఒక్కటే. అదే ముట్టాను గనుక అదే దొంగ అనుకుని పాత వెర్షన్‌కు తిప్పింది. పేజీ తెల్లగానే ఉంది. అరగంట ఆగి చూసింది. తెల్లగానే ఉంది. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకతను మర్యాదగానే, మా వైపు అంతా బాగుందండీ, మీ ఫైళ్ళలోనే ఏదో ఉంది అన్నాడు. ముప్పై నాలుగేళ్ళు తానూ వేలమందికి అదే మాట చెప్పింది. అవతలివాళ్ళకు అది ఎట్లా వినబడుతుందో ఇప్పుడు తెలిసింది.

కళ్ళజోడు తుడుచుకుని, ఆర్థర్ చెప్పినట్టు నడిమికి తెంపింది. 'లైను బాగుంది' అన్న చిన్న పేజీ తెరిచింది. వచ్చింది. అంటే ఎక్స్ఛేంజి బతికే ఉంది. ఒక పాఠం ఫైలు పేరును నేరుగా కొట్టింది. మోగింది. తన గొంతే, కిరణజన్య సంయోగక్రియ గురించి చెబుతున్నది. అంటే పాఠాలు భద్రం. చచ్చినవి పేజీలు మాత్రమే, అదీ అన్నీ కట్టగట్టుకుని ఒకేసారి. అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఏమిటి? తల.

కానీ తలను తాను ముట్టలేదు కదా. నోటుబుక్కు మళ్ళీ చూసింది. లేదు. ఎవరైనా బయటివాళ్ళు దూరారా అన్న అనుమానం వచ్చింది. భయం కూడా వేసింది. మధ్యాహ్నం అన్నం ముందు పెట్టుకుని కలిపిందే కలుపుతుంటే, నాంచారమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. పంపిన పాఠాలు అందాయని చెప్పి, మాటల్లో మాటగా అడిగింది.

"పేరు పెడ్తా అంటిరి గదమ్మా. పెట్టిన్రా మరి?"

"పెట్టబోయిన నాంచారమ్మా. గప్పుడే కరెంటు పాయె..."

ఆ మాట నోట్లో ఉండగానే జగదాంబ లేచి నిలబడింది. మళ్ళీ చేస్తానని ఫోన్ పెట్టేసి, ఎంగిలి చెయ్యి కడుక్కుని కంప్యూటర్ దగ్గరికి పోయింది. తల ఫైలు తెరిచింది. పద్నాలుగో వరుసలో ఆమె పేరు ఉంది. దీపాలు ఆరేలోపే అది వెళ్ళిపోయింది.

ఆ వరుస తీసేసి సేవ్ చేసింది. పేజీ వచ్చింది. పాఠాల జాబితా, ఫోన్ నంబరు, అన్నీ ఎప్పటిలాగే వచ్చాయి. సోమయ్య వెనకే నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం విప్పారింది గానీ, ఆమె ముఖం చిన్నబోయింది.

"చూసినవా? పేరు లేనన్ని దినాలు మంచిగ నడిచింది. ఒక్కనాడు పేరు పెట్టుకుంటనంటె అందరి నోట్ల మన్ను వడ్డది. వద్దు. గిట్లనే ఉండనీ," అన్నది.

సోమయ్య కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఆర్థర్‌ను ఆయన రెండుమూడుసార్లు చూశాడంతే. కానీ పెళ్ళయిన నాటి నుంచి ప్రతి రాత్రి అన్నం దగ్గర ఆర్థర్ మాటలు విన్నవాడు.

"తప్పు పేరుదెట్లయితదే?" అన్నాడు. "రాసిన తీరుల ఏదో ఉన్నది. అది తెల్వకుండ మూస్తె, రేపు ఇంకో మాట రాసినా గిదే తక్లీఫ్. మీ సారు ఊకుంటుండెనా?"

అది నిజమే. ఆమె ఆ వరుసను మళ్ళీ పెట్టింది. పేజీ మళ్ళీ తెల్లబడింది. తీసింది. వచ్చింది. ఆ ఫైలులోనే పైన విజయేందర్ ఎప్పుడో రాసి ఉంచిన వరుసను, కింద తన వరుసను పక్కపక్కన పెట్టి ఒక్కొక్క గుర్తు చూసుకుంటూ పోయింది. అన్నీ ఒకటే. సోమయ్య పేపరు చదివే భూతద్దం తెచ్చి ఇచ్చాడు. అప్పుడు దొరికింది. మాటకు ముందూ వెనకా పెట్టే కొటేషన్ గుర్తులు విజయేందర్ వరుసలో నిటారుగా ఉన్నాయి, గోడకు కొట్టిన మేకుల్లా. తన వరుసలో వంకర తిరిగి ఉన్నాయి, చిన్న చిన్న కొడవళ్ళలా. వాట్సాప్‌లో పంపినప్పుడు అతని ఫోను వాటిని అందంగా వంచింది. మనుషులకు అందం, మిషనుకు అర్థం కాని అక్షరం. వాటిని చెరిపి కీబోర్డు మీద తనే నిటారు గుర్తులు కొట్టింది.  సేవ్ నొక్కి, సోమయ్యను చూడమని తాను కిటికీ వైపు తిరిగింది.

"వచ్చింది," అన్నాడు సోమయ్య. పైకి చదివాడు. "చదివినది, జగదాంబ."

సాయంత్రం వెర్షన్‌ను మళ్ళీ కొత్తదానికి మార్చి, అరగంట చూసి, నోటుబుక్కులో రెండు మార్పులూ వేరువేరుగా రాసింది. శనివారం మూడింటి సంగతి కూడా రాసింది. రాయనందుకు తననే తిట్టుకుంటూ ఒక వాక్యం రాసి, అది రికార్డు కాదని కొట్టేసింది.

బుధవారం విజయేందర్ వచ్చాడు. అతన్ని ఎరిగిన శ్రోత ఎవరో ఫోన్ చేస్తే తెలిసిందట. బిడ్డకు నయమైంది, ఇంటికి తెచ్చుకున్నారు. తనకెందుకు చెప్పలేదని అతను అలిగాడు. బాలింతను వదిలిపెట్టి ఎందుకొచ్చావని ఆమె కసిరింది. అలక, కసురు అయ్యాక అతను కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక మూల ఉన్న ఫైలు తెరిచి చూపించాడు. సైటులో ఏ తప్పు జరిగినా అందులో దానంతటదే రాసుకుంటుంది.

"ఇగో పెద్దమ్మా, పద్నాలుగో లైన్ల తప్పున్నదని రాసే ఉన్నది. శనివారం మూడు గంటల నుంచి రాస్తనే ఉన్నది."

జగదాంబ ఆ వరుసలను చాలాసేపు చూసింది. వందలున్నాయి. ఒక్కొక్క వరుసా పాఠం కోసం వచ్చి తిరిగిపోయిన ఒక్కొక్క మనిషి.

"గిది ముందుగాల చెప్పొద్దా బిడ్డా నాకు?" అన్నది మెల్లగా.

విజయేందర్ ఆ పూటంతా కూర్చుని సైటుకు ఇంకొక నకలు తయారుచేశాడు. బయటివాళ్ళకు కనబడదు. ఏ మార్పయినా ముందు అందులో చేసి, బతికితే అసలుదానికి ఎక్కించవచ్చు. పోతూ పోతూ ఆమె కట్టిచ్చిన వాము పొడి, వెల్లుల్లి కారం రజితకు పట్టుకుపోయాడు.

నాంచారమ్మ గురువారం పరీక్ష రాసింది. ఫలితాలు వచ్చినప్పుడు సైన్సులో నలభై ఆరు. లెక్కలు మాత్రం పోయాయి. మళ్ళీ కడతానన్నది. పేరు సంగతి అడిగితే నవ్వింది. తన మాట్లాడే ఫోను ఆ పేరును 'జగ' అని ఒకచోట, 'దాంబ' అని ఇంకోచోట విరిచి పలుకుతుందట. అయినా బస్తీలో ఆ నవ్విన ఆడవాళ్ళకు ఫోను పెట్టి వినిపించిందట.

జూన్‌లో ఒకనాడు నాంచారమ్మ బస్సు మారి, దారి అడుక్కుంటూ ఆ ఇంటికి వచ్చింది. సోమయ్య మెట్ల మీది నుంచి లేచి, చెయ్యి పట్టుకుని పైకి తెచ్చాడు. ఆమె వేలాడే బొంతలను, స్టూలును, నీళ్ళ చెంబును ఒక్కొక్కటే తడిమి చూసింది. గోడవార చాప మీద కూర్చుని, మీ పని మీరు కానివ్వండమ్మా, నేను చప్పుడు చెయ్యను అన్నది.

ఆ రోజు చదవవలసింది లెక్కల్లో మొదటి పాఠం. లెక్కలు చదివి వినిపించడం అన్నిటికన్నా కష్టమని జగదాంబ ఆరేళ్ళుగా వాయిదా వేస్తూ వచ్చింది. బొంతల మధ్యకు పోయి కూర్చుని, గొంతు సవరించుకుని, ఫోను నొక్కింది. ఇన్నేళ్ళలో ఎదురుగా ఒక మనిషి కూర్చుని వింటుండగా ఆమె చదవడం, ఆ స్టేషన్ సాయంత్రం తర్వాత ఇదే మొదటిసారి. రెండో వాక్యంలోనే తడబడింది. ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి నాలుగో వాక్యం దాకా పోయింది. అంతలో తలుపు సందులోంచి సోమయ్య, జెర ఆగు, ప్యాసింజర్ ఉన్నది అన్నాడు. ముగ్గురూ బండి పోయేదాకా ఊరుకున్నారు.